ప్రక్క గోడల లెక్క



ఈ పూట ఎరువుల సంగతి చెప్పబోవడం లేదు. విత్తనాల మాట, పురుగుమందుల మాట కూడా కాదు. ఒక లెక్క చెప్పుకుందాం. “లెక్కలు బళ్ళో పిల్లలకు గాని మాకెందుకండీ?” అంటారేమో. కొంచెం ఓపిక పట్టండి. ఈ లెక్క తెలియకపోతే ఏం జరుగుతుందో ముందు చెబుతాను.

కోతలైనాయి. వడ్లు కళ్ళంలో రాశి పోశారు. పొద్దున ఎండ కాసింది, మధ్యాహ్నానికి పడమట మబ్బు పట్టింది. రాశి మీద కప్పడానికి బరకం కావాలి. రైతు రాశి చుట్టూ తిరిగి, నేల మీద పొడవూ వెడల్పూ కొలిచాడు. పొడవు 28 అడుగులు, వెడల్పు 8 అడుగులు. బజారుకు పోయి సరిగ్గా ఆ కొలతకే బరకం తెచ్చాడు. తీరా కప్పబోతే, అటు లాగితే ఇటు చాలదు, ఇటు లాగితే అటు చాలదు. నాలుగు వైపులా అడుగు వడ్లు బయటే ఉండిపోయినాయి. చినుకులు మొదలైనాయి. ఆ మిగిలిన అడుగు ఎక్కడ? రాశి మొదట్లో. అంటే బరకం మీద పడిన నీళ్ళన్నీ జారి చేరేది అక్కడికే.

ఆ రాశి దాదాపు 5 టన్నుల వడ్లు. ఒక కుటుంబం ఏడాది కష్టం. బరకం కొనడానికి డబ్బు పెట్టాడు, సమయానికి తెచ్చాడు, టేపుతో కొలిచాడు కూడా. తప్పు ఎక్కడ జరిగింది? నేలను కొలిచాడు గాని, కప్పవలసిన వాలును కొలవలేదు. ఆ వాలును కొలిచే విద్యే ఈ ప్రక్క గోడల లెక్క.

ముందు ఆకారం సంగతి

ఒక చదరపు దూలాన్ని రంపంతో అడ్డంగా కోశామనుకోండి. ఈ చివర కోసినా, ఆ చివర కోసినా, నడిమికి కోసినా తెగిన ముఖం ఒకే తీరుగా ఉంటుంది. ఇలా ఒక కొస నుంచి ఇంకొక కొస దాకా మారకుండా సాగే ఆకారం, కొసలు రెండూ తిన్నని గీతల అంచులతో ఉంటే, దాన్ని లెక్కల పుస్తకాల్లో ‘పట్టకం’ అంటారు. ఆ రెండు కొస ముఖాలను ‘భూములు’ అంటారు. ఇక్కడ భూమి అంటే మన పొలం కాదు, ఆకారానికి పీట వంటిదన్నమాట. కొసలను వదిలేస్తే చుట్టూ మిగిలే ముఖాలు ‘ప్రక్కతలాలు’. వాటి మొత్తం విస్తీర్ణమే ‘ప్రక్కతల వైశాల్యం’. మనం ప్రక్క గోడల లెక్క అని చెప్పుకుందాం, సరిపోతుంది.

ఇటుక పట్టకమే. అగ్గిపెట్టె పట్టకమే. పశువులకు నీళ్ళు పెట్టే సిమెంటు తొట్టి, ఎరువుల గది, పొలానికి నీరు తెచ్చే పిల్ల కాలువ కూడా పట్టకాలే. కొన్ని నిలబడి ఉంటాయి, కొన్ని పడుకుని ఉంటాయి. తేడా అంతే.

ఇదేమీ నిన్నటి విద్య కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో వ్రాసిన ‘గణితసారసంగ్రహం’లో త్రవ్విన గోతుల లెక్కలకు ఒక అధ్యాయమే ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. గోతులు, రాశులు, ఇటుకల పేర్పు కొలవడం మన పెద్దలకు నిత్యం పడే పనే. మనకూ అంతే.

తడక విప్పి చూడండి

ఇప్పుడు సూత్రం చెప్పుకుందాం. బట్టీ పట్టనక్కర లేదు. కోడిపిల్లలకు అడ్డంగా పెట్టే వెదురు తడక ఒకటి తెచ్చుకోండి. దాని పొడవు 24 అడుగులు, ఎత్తు 4 అడుగులు అనుకుందాం. దాన్ని నాలుగు మూలలుగా వంచి, ఒక్కొక్క వైపు 6 అడుగులు వచ్చేటట్టు చదరంగా నిలబెట్టండి. నాలుగు గోడల దడి తయారైంది.

ఈ నాలుగు గోడల విస్తీర్ణం ఎంత? ఒక్కొక్క గోడ 6 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు, అంటే 24 చదరపు అడుగులు. నాలుగు గోడలకు 96. ఇప్పుడు ఆ తడకను విప్పి నేల మీద పరచండి. 24 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల ఒకే దీర్ఘచతురస్రం. 24ను 4తో గుణిస్తే అదే 96.

చూశారు గదా! నిలబెట్టినప్పుడు చుట్టుకొలతగా ఉన్నది, పరిచేసరికి పొడవైంది. ఎత్తు ఎత్తుగానే ఉంది. కనుక సూత్రం ఇది:

ప్రక్క గోడల వైశాల్యం = చుట్టుకొలత × ఎత్తు.

గోడలు నాలుగైనా, మూడైనా, ఆరైనా ఇదే మాట. ఒక్కొక్క గోడనూ విడిగా కొలిచి కూడవలసిన పని లేదు. చుట్టూ ఒక త్రాడు తిప్పి, ఆ త్రాడును కొలిచి, ఎత్తుతో గుణిస్తే చాలు. ఒక్క షరతు ఉంది. గోడలు తిన్నగా నిలబడి, ఎత్తు అంతటా ఒకటిగా ఉండాలి. ఒరిగిన గోడలకు ఇది పనికిరాదు. ఆ సంగతి చివర చెబుతాను.

ఇంకొక చిత్రం చూడండి. అదే తడకను పొడవు 10, వెడల్పు 2 అడుగులుగా నిలబెడితే లోపలి చోటు 20 చదరపు అడుగులు. మూడు మూలలుగా, వైపుకు 8 అడుగులుగా నిలబెడితే చోటు 28 కంటే కొంచెం తక్కువ. చదరంగా నిలబెడితే 36. ఆరు మూలలు చేస్తే 41న్నర. గుండ్రంగా చుడితే దాదాపు 46. తడక అదే, వెదురు ఖర్చు అదే, గోడ వైశాల్యం అన్నిటికీ 96 చదరపు అడుగులే. పట్టే సరుకు మాత్రం రెండింతలకు మించి తేడా. మన గాదెలు గుండ్రంగా ఎందుకు అల్లారో ఇప్పుడు తెలిసింది గదా. తక్కువ వెదురుతో ఎక్కువ వడ్లు పట్టించడమే అందులోని కిటుకు.

అందుచేత గోడ లెక్క వేరు, చోటు లెక్క వేరు అని గుర్తుంచుకోండి. గోడ లెక్క సున్నానికి, సిమెంటు పూతకు, పట్టాకు, తడకకు. చోటు లెక్క నీళ్ళకు, వడ్లకు, ఎరువుకు.

నీళ్ళ తొట్టి

ఇక పనిలోకి వద్దాం. పశువులకు ఒక తొట్టి కట్టిస్తున్నారు. లోపలి పొడవు 10 అడుగులు, వెడల్పు 5 అడుగులు, లోతు 4 అడుగులు. లోపల సిమెంటు పూత పూయించాలి. ఎంత మేర?

చుట్టుకొలత: 10, 5, 10, 5 కలిపితే 30 అడుగులు. ఎత్తు 4. గోడల వైశాల్యం 120 చదరపు అడుగులు. తొట్టి అడుగు 10 × 5, అంటే 50. మొత్తం 170 చదరపు అడుగులు. పైభాగం తెరిచి ఉంటుంది కాబట్టి దాన్ని లెక్కలో వేయకూడదు.

కొందరు 10ని 5తో, దాన్ని మళ్ళీ 4తో గుణించి “200” అంటారు. అది పూత లెక్క కాదు, నీళ్ళ లెక్క. 200 ఘనపు అడుగులు, అంటే సుమారు 5,660 లీటర్ల నీళ్ళు. రెండూ కలగాపులగం చేస్తే మేస్త్రి దగ్గర మాట పడిపోతుంది.

ఇక్కడే ఇంకొక మెలిక ఉంది. గోడ మందం 9 అంగుళాలు, అంటే ముప్పాతిక అడుగు. కొలిచేవారు తొట్టిలోకి దిగడానికి బద్ధకించి బయటనుంచి కొలుస్తారు. బయట పొడవు 11న్నర, వెడల్పు 6న్నర. చుట్టుకొలత 36. గోడల వైశాల్యం 144. లోపలి పూతకు బయటి కొలత వేస్తే 24 చదరపు అడుగులు ఎక్కువ కూలి ఇచ్చినట్టే. బయటి పూతకు లోపలి కొలత వేస్తే మేస్త్రికి అన్యాయం. నలుచదరపు మూలలున్న తొట్టి చిన్నదైనా పెద్దదైనా లోపలి చుట్టుకొలత కంటే బయటి చుట్టుకొలత గోడ మందానికి 8 రెట్లు ఎక్కువ ఉంటుంది. మన తొట్టిలో ముప్పాతికకు 8 రెట్లు 6 అడుగులు. కనుక ఏ ముఖానికి పూత పూస్తారో ఆ ముఖం మీదే టేపు పెట్టండి. ఇది న్యాయం, ఇదే లెక్క.

సిమెంటు ఎంత పడుతుంది? పూత అర అంగుళం మందమైతే 170ని 24తో భాగించండి. సుమారు 7 ఘనపు అడుగుల తడి మాలు. తడిసి కలిసేసరికి మాలు కుదించుకుపోతుంది కనుక పొడిగా మూడో వంతు ఎక్కువ తీసుకోవాలి. అప్పుడు తొమ్మిదిన్నర దాకా వస్తుంది. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళ ఇసుక కలిపితే అయిదో వంతు సిమెంటు, అంటే రెండు ఘనపు అడుగులకు కొంచెం తక్కువ. 50 కిలోల బస్తా సుమారు ఒకటింపావు ఘనపు అడుగు. కనుక బస్తాన్నర సరిపోతుంది. తరుగు పోను రెండు బస్తాలు తెచ్చుకుంటే పని మధ్యలో ఆగదు. “నాలుగు బస్తాలు కావాలి” అని ఎవరైనా అంటే ఎందుకో అడిగే ధైర్యం మీకిప్పుడు ఉంటుంది. ఒక బస్తాతో సరిపెడతానంటే మాలు పలచన అవుతుందేమోనని అనుమానించే తెలివి కూడా ఉంటుంది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టించే ముందు లెక్క చూసుకుంటే కట్టిన తరువాత చూడవలసినవి తగ్గుతాయి.

గోదాము గోడలకు సున్నం వేయించేటప్పుడు కూడా ఇదే పద్ధతి. చుట్టుకొలతను ఎత్తుతో గుణించండి. అందులోంచి తలుపులు, కిటికీల మేర తీసివేయండి. 7 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు గల తలుపు ఒక్కటే 28 చదరపు అడుగులు మింగేస్తుంది. దూలం పైన ముక్కోణపు గోడ ఉంటే దాన్ని విడిగా కొలవాలి. దాని అడుగు కొలతను ఎత్తుతో గుణించి సగం చేస్తే దాని మేర వస్తుంది.

మళ్ళీ కళ్ళానికి వద్దాం

ఇప్పుడు ఆ వడ్ల రాశి సంగతి. పొడుగ్గా పోసిన రాశిని మధ్యలో అడ్డంగా కోసినట్టు ఊహించుకోండి. కోసిన ముఖం ముక్కోణం. ఇది పడుకున్న పట్టకం. నిలబడిన తొట్టికి ఎత్తు ఏదో, పడుకున్న రాశికి పొడవు అదన్నమాట. ముక్కోణం చుట్టుకొలతను పొడవుతో గుణించాలి.

రాశి మొదటి వెడల్పు 8 అడుగులు, నడిమి ఎత్తు 3 అడుగులు. నడిమి నుంచి అంచుకు నేల మీద 4 అడుగులు. మరి శిఖరం నుంచి అంచు దాకా వాలు మీద ఎంత? మేస్త్రులు మూలమట్టం చూడడానికి 3, 4, 5 కొలతలు వాడతారు గదా, అదే ఇక్కడా. ఎత్తు 3, నేల 4 అయితే వాలు 5 అడుగులు. మూడు మూళ్ళు 9, నాలుగు నాళ్ళు 16, కలిపితే 25, అంటే అయిదు అయిదులు. వడ్లు పోసినప్పుడు దాదాపు ఇలాంటి వాలుతోనే నిలుస్తాయి. తేమను బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

అంటే రాశికి ఒక ప్రక్క 5, ఇంకొక ప్రక్క 5, మొత్తం 10 అడుగుల వాలు. నేల మీద చూస్తే 8 అడుగులే. ఆ రెండడుగులే మన రైతును ముంచినాయి.

పొడవు సంగతీ అంతే. రాశి కొసలు కూడా గోడలా నిలవవు, వాలుగా జారతాయి. నేల మీద 28 అడుగులు ఉంటే, శిఖరం మీద 20 అడుగులు, ఆ చివర ఈ చివర నాలుగేసి అడుగుల జారుడు. ఆ నాలుగు కూడా వాలు మీద అయిదు. కనుక పొడవుగా 5, 20, 5 కలిపి 30 అడుగులు. రాశిని మూయడానికే 10 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు కావాలి. చుట్టూ ఒక అడుగు నేల మీదికి రావాలి గదా, అప్పుడు 12 అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవు. ఇదీ కొనవలసిన బరకం. 28 × 8 కాదు.

“ఇంత లెక్క కళ్ళంలో నిలబడి ఎవరు వేస్తారండీ?” అంటే, వేయనక్కర లేదు. ఒక త్రాడు తీసుకోండి. రాశికి ఈ ప్రక్క నేల దగ్గర పట్టుకుని, శిఖరం మీదుగా ఆ ప్రక్క నేల దాకా వేయండి. ఆ త్రాడు పొడవుకు అటొక అడుగు, ఇటొక అడుగు కలిపితే అదే బరకం వెడల్పు. పొడవుకూ అలాగే. త్రాడు వాలు వెంబడే పోతుంది, అబద్ధం చెప్పదు.

ముక్కోణానికి మూడో వైపు కూడా ఉంది, అది నేల. దానికి అడుగున ఒక పట్టా వేస్తారు. దాని అంచులు పై బరకం కంటే బయటికి వచ్చి ఉండకూడదు. ఉంటే పైనుంచి జారిన నీళ్ళు క్రింది పట్టా మీద పడి, నేరుగా రాశి క్రిందికి పోతాయి. కనుక అడుగు పట్టా అంచులను లోపలికి మడవండి, పై బరకం అంచును బయటికి దించండి. వాన వెలియగానే బరకం తీసి గాలి తగలనివ్వండి. మూసి ఉంచితే లోపలి తేమకు వడ్లు వేడెక్కి రంగు మారతాయి.

పిల్ల కాలువ

పొలానికి నీరు తెచ్చే మట్టి కాలువలో నీరు ఇంకిపోతుందని సిమెంటు పరిపించాలనుకున్నారు. కాలువ పొడవు 300 అడుగులు. అడుగు వెడల్పు 2 అడుగులు, లోతు అడుగున్నర. గట్లు ఏటవాలుగా ఉన్నాయి. ఒక్కొక్క గట్టు పైకి వచ్చేసరికి 2 అడుగులు ప్రక్కకు జరిగింది. పైన చూస్తే కాలువ వెడల్పు 6 అడుగులు.

పై వెడల్పు చూసి 6ను 300తో గుణించి 1,800 చదరపు అడుగులని కొందరు అంచనా వేస్తారు. అది తప్పు. గట్టు వాలును కొలవాలి. లోతు ఒకటిన్నర, జరుగుడు రెండు అయితే వాలు రెండున్నర అడుగులు. ఇది మన 3, 4, 5 కొలతే, సగం చేశామంతే. అడుగు 2, గట్లు రెండున్నర, రెండున్నర, మొత్తం 7 అడుగులు. 7ను 300తో గుణిస్తే 2,100 చదరపు అడుగులు.

తేడా 300 చదరపు అడుగులు. 2 అంగుళాల మందాన పోస్తే 50 ఘనపు అడుగుల కాంక్రీటు. అంచనాలో ఇది తప్పిపోతే ఏమవుతుంది? పని చివర సరుకు చాలదు. అప్పుడు చివరి నలభై, యాభై అడుగులు వదిలేస్తారు. లేదా అంతటా మందం తగ్గిస్తారు. మొదటిది కంటికి కనబడుతుంది. రెండోది కనబడదు, రెండేళ్ళకు పగుళ్ళయి బయటపడుతుంది. కనుక టేపును కాలువ మీద గాలిలో పట్టుకోకండి. ఒక గట్టు పైనుంచి దించి, అడుగు మీదుగా, రెండో గట్టు పైదాకా ఆనించి కొలవండి. వంపుల దగ్గర పొడవును కాలువ నడిమి వెంట కొలవండి.

సూత్రం పనికిరాని చోటు

ఏ సూత్రానికైనా ఒక పొలిమేర ఉంటుంది. దాన్ని దాటితే అదే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

పంటకుంట సంగతి చూడండి. పైన 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. లోతు 2 మీటర్లు. మట్టి జారకుండా నాలుగు వైపులా వాలు పెట్టారు. ఒక మీటరు దిగితే ఒకటిన్నర మీటరు లోపలికి. అప్పుడు అడుగుభాగం 4 మీటర్ల చదరం. ఎక్కడ అడ్డంగా కోసినా ఒకే తీరు ఉండాలన్నాం గదా. ఇక్కడ పైన 10, క్రింద 4. కనుక ఇది పట్టకం కాదు. చుట్టుకొలతను ఎత్తుతో గుణించే మాట ఇక్కడ చెల్లదు.

వాలు పొడవు సుమారు 3.6 మీటర్లు. పై చుట్టుకొలత 40తో గుణించి, అడుగు కలిపితే 160 చదరపు మీటర్లు వస్తుంది. అది ఎక్కువ. క్రింది చుట్టుకొలత 16తో గుణిస్తే అడుగుతో కలిపి 74 కూడా రాదు. అది తక్కువ. నిజం మధ్యలో ఉంది. పై చుట్టుకొలత, క్రింది చుట్టుకొలత కలిపి సగం చేయండి. 28 మీటర్లు. దాన్ని 3.6తో గుణిస్తే సుమారు 101. అడుగు 16 కలిపితే 117 చదరపు మీటర్లు. ఇది కుంట లోపలి అసలు మేర. సిమెంటు పూతకు ఈ లెక్క సరిపోతుంది.

ప్లాస్టిక్ పట్టా వేస్తే మాత్రం ఇంకొక సంగతి ఉంది. ఒకే ముక్కగా పరిచే పట్టా చదరంగా ఉంటుంది. మూలల దగ్గర ఎక్కువైనది మడతలు పడుతుంది. కనుక పట్టా వైపు కొలత ఇలా తీసుకోవాలి. వాలు 3.6, అడుగు 4, రెండో వాలు 3.6, మొత్తం 11.2. గట్టు మీద కాలువ తీసి అంచు పాతడానికి ఇటొక మీటరు, అటొక మీటరు. మొత్తం 13.2 మీటర్లు. దాన్ని దానితోనే గుణిస్తే 174 చదరపు మీటర్ల పైచిలుకు. 117 అని బేరం పెట్టుకుని, 174 బిల్లు చూసి మోసమనుకోకండి. 117కే పట్టా తెస్తే గట్టు అందదు. రెండు లెక్కలూ నిజమే, దేని పని దానిది.

ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ప్లాస్టిక్ పరిచిన కుంట గట్లు తడిస్తే నున్నగా జారతాయి. పడినవారు ఎక్కి రావడం కష్టం. చుట్టూ కంచె వేయండి, లోపలికి ముడులు వేసిన త్రాడు ఒకటి వ్రేలాడదీయండి. పట్టా లెక్కలోనే కంచె లెక్క కూడా వ్రాసుకోండి. దానికి కావలసింది చుట్టుకొలతే. పిల్లల ప్రాణం కంటే పెద్ద లెక్క ఏదీ లేదు.

అడుగులు, మీటర్లు

మన దేశంలో 1956లో తూనికల, కొలతల చట్టం వచ్చి మీటరు పద్ధతి మొదలైంది. ఐనా మేస్త్రి నోట అడుగులే ఉన్నాయి, ప్లాస్టిక్ పట్టా కొట్లో మీటర్లు ఉన్నాయి. రెండింటినీ ఒకే లెక్కలో కలపకండి. చుట్టుకొలత అడుగుల్లో తీసి, లోతు మీటర్లలో వేసి గుణిస్తే వచ్చేది దేనికీ పనికిరాదు.

మార్చేటప్పుడు కూడా జాగ్రత్త. గజానికి 3 అడుగులు గదా అని చదరపు అడుగులను 3తో భాగించి గజాలంటారు కొందరు. చదరపు గజానికి 9 చదరపు అడుగులు. అలాగే మీటరుకు 3.28 అడుగులు. కాని చదరపు మీటరుకు 10.76 చదరపు అడుగులు. మన తొట్టి పూత 170 చదరపు అడుగులు సుమారు 15.8 చదరపు మీటర్లు. 3.28తో భాగిస్తే దాదాపు 52 వస్తుంది. మూడు రెట్లకు పైగా తప్పు!

ఇవి గుర్తుంచుకోండి

మొదటిది: ఆకారం ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే తీరుగా ఉందా చూడండి. ఉంటేనే చుట్టుకొలతను ఎత్తుతో గుణించండి. పడుకున్న ఆకారానికి ఎత్తు అంటే పొడవు.

రెండవది: ఏ ముఖానికి పని చేయిస్తారో ఆ ముఖం మీదే కొలవండి. లోపలి పనికి లోపల, బయటి పనికి బయట.

మూడవది: వాలు ఉన్న చోట వాలునే కొలవండి. నేల కొలత వాలు కొలత కంటే ఎప్పుడూ తక్కువే.

నాలుగవది: తెరిచి ఉన్న ముఖాన్ని వదిలేయండి. అడుగును మరువకండి. తలుపులు తీసివేయండి. అంచు మడతలకు కలుపుకోండి.

అయిదవది: అన్నీ ఒకే కొలమానంలో ఉండాలి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. ఈ సంగతి ఊళ్ళో చెప్పేటప్పుడు నల్లబల్లతో మొదలుపెట్టకండి. ఒక తడక నిలబెట్టి విప్పండి. ఒక ఇసుక కుప్ప పోసి, నేల మీద త్రాడు ఒకసారి, శిఖరం మీదుగా త్రాడు ఒకసారి వేసి, రెండు త్రాళ్ళూ ప్రక్కప్రక్కన పట్టి చూపించండి. పెద్ద త్రాడు ఎంత మిగిలిందో రైతు చేతికే ఇవ్వండి. ఆ మిగులే ఆయన వడ్లను కాపాడేది. ఇంట్లో బడికి పోయే అమ్మాయో అబ్బాయో ఉంటే లెక్క వాళ్ళచేత కట్టించండి. పుస్తకంలోని పట్టకం కళ్ళంలో కనబడితే వాళ్ళకూ మంచిది.

సోదరులారా! ఈ ఏడు కోతలకు ముందే ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న బరకాన్ని విప్పి, దాని పొడవూ వెడల్పూ కొలిచి, మూలన రంగుతో వ్రాసిపెట్టండి. రాశి పోసేటప్పుడు ఆ కొలతకు తగ్గట్టు పోసుకోవచ్చు. 12 అడుగుల బరకానికి 8 అడుగుల రాశి. 9 అడుగుల బరకమే ఉంటే రాశిని అయిదున్నర అడుగులకు మించి వెడల్పు చేయకండి, సన్నగా పొడుగ్గా పోయండి. పొడవు ఒక బరకానికి చాలకపోతే రెండో బరకాన్ని మొదటిదాని మీదికి ఒక అడుగు ఎక్కించి కప్పండి. మబ్బు పట్టిన తరువాత బజారుకు పరుగెత్తడం కంటే, ఎండ ఉండగా త్రాడు పట్టుకోవడం మేలు.